ఆయిల్ వాటర్ సెపరేటర్

నీటిలో కలిసిన డీజిల్, గ్రీజు, ఇంజన్ ఆయిల్‌ను సాంద్రతలో ఉన్న తేడా ఆధారంగా విడదీసే తొట్టె ఇది. వర్క్‌షాపుల్లో ఆయిల్ ట్రాప్ అన్నా ఇదే.

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో దీనికి ఎక్కువ పని పెట్టేవి సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు. 1889లో ఇల్లెందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకం నేడు మణుగూరు, సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్‌ల దాకా విస్తరించింది. గనుల్లో బొగ్గు, మట్టి మోసే డంపరును మరమ్మతు చేయాలంటే ముందు కడగాలి. కడిగిన నీటిలో నూనె, బొగ్గు పొడి, ఎర్రమట్టి కలిసి వస్తాయి. అడవి అంచున ఉన్న గనుల నీళ్లు చివరికి వాగుల గుండా నదుల్లోకి చేరాల్సిందే. బొగ్గు గనులు బయటికి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదని 2000లో కేంద్రం నియమం పెట్టింది.

నీళ్లు మొదట బురద గుంటలోకి, అక్కడి నుంచి పెద్ద తొట్టెలోకి వెళతాయి. నీటిని నిదానంగా నడిపి, నూనె పైకి తేలేందుకు వ్యవధి ఇవ్వడమే ఈ తొట్టె చేసే పని. అడుగున మాత్రమే దారి ఉన్న అడ్డుగోడ తేలిన నూనెను ఆపి, కింది నీటిని పోనిస్తుంది.

నూనె బొట్టు ఎంత పెద్దదన్నదే కీలకం. 150 మైక్రాన్ల బొట్టు సెకనుకు సుమారు 2 మిల్లీమీటర్లు లేస్తుంది. మీటరు లోతు దాటడానికి పది నిమిషాలు చాలు. బొట్టు పదో వంతుకు తగ్గితే వేగం నూరో వంతుకు పడిపోతుంది, అదే దూరానికి సుమారు పదిహేను గంటలు పడుతుంది. అందుకే తొట్టెలో ఏటవాలు పలకలు అమర్చితే బొట్టు కొద్ది సెంటీమీటర్లు లేచేసరికే పలకకు తగిలి, మరో బొట్టుతో కలిసి పెద్దదవుతుంది. అశ్వారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీలో గెలల రసం నుంచి నూనె తీసేదీ ఈ సాంద్రత తేడా సూత్రంతోనే. అక్కడ రసాన్ని వేడిచేసి పలుచబరుస్తారు కనుక నూనె త్వరగా తేలుతుంది.

ఈ తొట్టెకు పెద్ద శత్రువు సబ్బు. డిటర్జెంట్ నూనెను కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా విరిచి నీటిలోనే నిలిపేస్తుంది. అప్పుడు పైన పొర కనిపించదు, బయటికి వచ్చే నీళ్లు మాత్రం పాలలా తెల్లబడతాయి. తొట్టెను ఎంత శుభ్రం చేసినా దీనికి పరిష్కారం దొరకదు. వాషింగ్ ప్లాట్‌ఫాం మీదే సబ్బు తగ్గించాలి. మురికి నీటిని వేగంగా తిరిగే పంపుతో తోడినా ఇదే నష్టం.

రెండో శత్రువు మట్టి. అడుగున పేరుకునే కొద్దీ నీళ్లు నిలిచే చోటు తగ్గి ప్రవాహం వేగం పెరుగుతుంది, నూనె తేలకుండానే బయటపడుతుంది. అందుకే బురద మందాన్ని తరచూ కర్రతో కొలవాలి, పలకల మధ్య జిడ్డును కడగాలి. శుభ్రం చేశాక తొట్టెను మంచినీటితో నింపిన తర్వాతే మురికి నీటిని వదలాలి. లేదంటే నూనె అడ్డుగోడ కిందుగా జారిపోతుంది. వానాకాలానికి ముందే ఆవరణలో పడే వాన నీటిని వేరే కాలువకు మళ్లించాలి. ఒక్క జడివాన చాలు, నెలంతా పోగైన నూనెను వాగులోకి తోసేయడానికి.

తోడిన నూనెను, నూనె కలిసిన బురదను కేంద్రం 2016లో పెట్టిన నిబంధనలు ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కిస్తాయి. వాటిని మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. నూనెను అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే పంపాలి.