సంగీతం మాస్టారికి మార్కులు వేసేదెవరు?

పాఠశాల విద్య చరిత్ర రాసేవాళ్లు సంగీతం దగ్గరికి వచ్చేసరికి రెండు మాటలతో సరిపెడుతుంటారు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ‘ఫలితాలను బట్టి చెల్లింపు’ పద్ధతి బడిలో పాటను చంపేసిందన్నది మొదటి మాట. సంగీతం కొలతకు అందనిది కాబట్టి, దాన్ని నేర్పేవాళ్ల పనితనాన్ని మదింపు చేయబూనడమే తప్పన్నది రెండోది. మొదటిదాన్ని రెండోదానికి రుజువుగా చూపడం అలవాటైపోయింది. ఆనాటి నిబంధనలను దగ్గర పెట్టుకుని చదివితే ఈ రెండు మాటలూ నిలబడవు. సంగీతం టీచర్ల మీద జరిగిన అసలు అన్యాయం పరీక్ష పెట్టడంలో లేదు. వాళ్లు నేర్పనిదాన్ని పరీక్షించి వాళ్లకు మార్కులు వేయడంలో ఉంది, పాట తెలియని చెవితో పాటను తూచడంలో ఉంది.

తొలి ఘట్టం చాలామందికి తెలిసినదే. 1841లో జాన్ హల్లా లండన్‌లోని ఎక్సెటర్ హాల్లో బడిపంతుళ్లను వందల సంఖ్యలో కూర్చోబెట్టి పాట నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి ఫ్రాన్సు నుంచి తెచ్చుకున్నది. అందులో ‘డో’ అంటే ఎప్పుడూ ఒకే స్థాయి. అదే కాలంలో జాన్ కర్వెన్ అనే మతాచార్యుడు నార్విచ్‌కు చెందిన సారా గ్లోవర్ పద్ధతిని తీసుకుని, మెరుగులు దిద్ది, ‘టానిక్ సోల్‌ఫా’ పేరుతో ప్రచారం చేశాడు. ఇందులో ‘డో’ కదులుతుంది. మనం ఏ శ్రుతి పెట్టుకుంటే అక్కడే షడ్జమం అనుకుంటామే, అదే లెక్క. ఈ రెండు పద్ధతుల తగవు గురించి పుస్తకాలకు పుస్తకాలే వచ్చాయి. ఇక్కడ మనకు కావలసింది ఒక్కటే: 1860ల నాటికి మామూలు బడిపంతులు కూడా తరగతి చేత స్వరం చూసి పాడించగల సాధనం ఇంగ్లండులో సిద్ధంగా ఉంది.

1862లో రాబర్ట్ లో అనే మంత్రి తెచ్చిన ‘సవరించిన కోడ్’ (బడుల గ్రాంటు నిబంధనలు) ప్రకారం బడికి వచ్చే గ్రాంటులో ఎక్కువ భాగం చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింటి మీదే ఆధారపడింది. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి పిల్లలను ఒక్కొక్కరినీ పరీక్షించేవాడు. ఒక పిల్లవాడు ఒక విషయంలో తప్పితే బడికి 2 షిల్లింగుల 8 పెన్నీలు తగ్గేవి. పాటకు మాత్రం చిల్లిగవ్వ లేదు. పంతులు జీతం చాలాచోట్ల గ్రాంటుతో ముడిపడి ఉండేది కాబట్టి ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పాట గంట లెక్కల గంటగా మారింది.

‘ఫలితాల చెల్లింపు పాటను చంపింది’ అనే మాటకు ఆధారం 1862 తర్వాతి ఈ పదేళ్లే. కానీ ఈ పదేళ్లలో సంగీతాన్ని ఎవరూ పరీక్షించలేదు. పక్క విషయాలను పరీక్షించి, దీన్ని వదిలేశారు. పాట దెబ్బతిన్నది పరీక్ష వల్ల కాదు, పరీక్షకు బయట మిగిలిపోవడం వల్ల. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు గానీ తర్వాతి కథంతా దీని మీదే నడుస్తుంది.

1870ల మొదట్లో గాలి మారింది. పాట నేర్పని బడికి తలకు ఒక షిల్లింగు చొప్పున గ్రాంటు కోస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో సంగీతాన్ని పరిశీలించడానికి 1872లో హల్లానే ఇన్‌స్పెక్టరుగా నియమించారు. అసలు మలుపు 1882 కోడ్‌తో వచ్చింది. విని పాడే బడికి తలకు 6 పెన్నీలు, స్వరలిపి చూసి పాడే బడికి ఒక షిల్లింగు. షిల్లింగుకు 12 పెన్నీలు కాబట్టి రెండోది సరిగ్గా రెట్టింపు. అదే ఏడాది హల్లా స్థానంలోకి సెయింట్ పాల్స్ చర్చిలో ఆర్గన్ వాయించే స్వరకర్త జాన్ స్టెయినర్ వచ్చాడు. టానిక్ సోల్‌ఫాలో ఆరితేరిన డబ్ల్యూ. జి. మెక్‌నాట్ ఆయనకు సహాయకుడయ్యాడు.

పరీక్ష ఎలా ఉండేదో చూద్దాం. గోడకు నిలువుగా ఒక పటం వేలాడుతుంటుంది. దాన్ని మాడ్యులేటర్ అనేవారు. కింది నుంచి పైకి డో, రే, మీ, ఫా, సో, లా, టీ అని స్వరాలు మెట్లు మెట్లుగా రాసి ఉంటాయి. చేతిలో కర్రతో ఒక్కో స్వరాన్ని చూపిస్తే తరగతి మొత్తం ఆ స్వరం పలకాలి. చిన్నపిల్లలకు డో, మీ, సో లాంటి దగ్గరి స్వరాలే చూపుతారు. పై తరగతులకు వెళ్లేకొద్దీ కర్ర ఎగిరెగిరి దూరపు మెట్ల మీద పడుతుంది. ఆ తర్వాత లయకు ఒక పరీక్ష, చెవికి మరొకటి. చెవి పరీక్షలో చిన్నపిల్లలు విన్న స్వరాలను తిరిగి పాడితే చాలు, పెద్దపిల్లలు అవి ఏ స్వరాలో గుర్తుపట్టి చెప్పాలి. చివర బడిలో నేర్చుకున్న పాటలు. ఏ స్థాయిలో ఏం అడుగుతారో ముందే అచ్చువేసి బడులకు పంపేవారు.

ఈ పరీక్షలో నాకు మెచ్చదగినవిగా కనిపించేవి ఉన్నాయి. పంతులు ఏం నేర్పాడో దాన్నే అడిగారు. లెక్కల్లో ఒక్కొక్క పిల్లవాణ్ణి నిలబెట్టి డబ్బు కోసినట్టు కాకుండా ఇక్కడ తరగతిని మొత్తంగా విన్నారు. కాబట్టి గొంతు కలవని పిల్లవాడి మీద పంతులు ఆగ్రహించాల్సిన అవసరం తగ్గింది. సభలో మెప్పుకోసం ఏరిన నలుగురు పిల్లలతో పని గడవదు, గది అంతా పాడాలి. ఏం అడుగుతారో ముందే తెలియడం వల్ల ఇన్‌స్పెక్టరు ఇష్టాయిష్టాలకు కొంతైనా కళ్లెం పడింది. ఏ పాటా లేని బడులు ఒక తరం తిరగకుండానే స్వరం చూసి పాడే స్థితికి వచ్చాయంటే, ఆ ఘనత కర్వెన్ పద్ధతి ఒక్కదానిదే అనడం నాకు సమ్మతం కాదు. సాధనం 1860లలోనూ ఉంది, కానీ దాన్ని గుర్తించి విలువ కట్టింది 1882 కోడే.

అయితే ఈ వాదనకు నేనే కొన్ని హద్దులు గీయాలి. హల్లా, స్టెయినర్, మెక్‌నాట్ చూసింది ప్రధానంగా శిక్షణ కళాశాలలను. ఊరి బడికి వచ్చి పాట విన్నవాడు మామూలు ఇన్‌స్పెక్టరే. కవి మాథ్యూ ఆర్నాల్డ్ కూడా ఆ ఇన్‌స్పెక్టర్లలో ఒకడు, ఫలితాల చెల్లింపును మొదటి నుంచీ గట్టిగా వ్యతిరేకించినవాడు. గ్రీకు, లాటిన్ చదువుకున్న ఈ పెద్దమనుషుల్లో అందరికీ శ్రుతి తెలిసే అవకాశం లేదు. అలాంటి ఇన్‌స్పెక్టరు ముందు తరగతి సగం స్వరం దిగజారినా చెల్లిపోతుంది, శుద్ధంగా పాడినా ఉత్సాహం చాల్లేదన్న మాట పడవచ్చు. పరీక్షను అచ్చు నిబంధనలతో బిగించడానికి ఇదీ ఒక కారణమై ఉండాలని నా అనుమానం. చెవి లేని లోటును కర్రతో, పటంతో పూడ్చే ప్రయత్నం అది.

ఇంకో హద్దు మరింత బరువైనది. షిల్లింగుకూ ఆరు పెన్నీలకూ మధ్య తేడా చూపి, విని పాడడం సగం విద్య అని ప్రభుత్వం తీర్మానించింది. చూసి పాడగలిగితేనే పూర్తి విద్య. వాద్యానికి, సొంతంగా రాగం అల్లడానికి, విని ఆనందించడానికి లెక్కలో చోటే లేదు. వినికిడి మీదే వేల ఏళ్లు నిలిచిన మన సంగీతానికి ఈ తూకం పెట్టి ఉంటే ఎంతమంది మహా గురువులకు సగం గ్రాంటు వచ్చేదో ఆలోచించండి. పరీక్ష న్యాయంగా నడిచినంత మాత్రాన, ఏది విలువైనదన్న తీర్పు కూడా న్యాయమైనదై పోదు.

ఫలితాల గ్రాంటు మన వైపుకూ వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో వీథిబడుల పంతుళ్లు కూడా దాని కింద పరీక్షకు నిలబడ్డారు. అడిగింది మాత్రం ప్రధానంగా చదువు, రాత, లెక్కలే. మన సంగీతం గురువుల ఇళ్లలో, గుళ్లలో, ఆస్థానాల్లో సాగింది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలై ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షుడయ్యాక మనకంటూ ఒక సంస్థ ఏర్పడింది గానీ, అది సంగీతం కోసమే వచ్చినవాళ్లకు. సాధారణ బడిలో వారానికి ఒక గంట నలభై మందికి పాట నేర్పే మాస్టారి పనితనాన్ని ఎలా చూడాలన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు.

ఇంగ్లండులో ఈ చెల్లింపు పద్ధతి 1890లలో దశలవారీగా పోయింది. ఆ తర్వాత చాలా దశాబ్దాలు టీచరు మీద నమ్మకమే మదింపుగా నడిచింది. మంచి టీచర్లు ఉన్నచోట అది స్వర్గం, లేనిచోట అడిగే నాథుడు లేడు.

ప్రశ్న మళ్లీ పదునెక్కింది అమెరికాలో. 2009లో ‘రేస్ టు ది టాప్’ పేరుతో 435 కోట్ల డాలర్ల పోటీ నిధిని ప్రకటించి, విద్యార్థుల ప్రగతిని టీచర్ల మదింపులో చేర్చే రాష్ట్రాలకు ఒబామా ప్రభుత్వం పెద్దపీట వేసింది. 2010లో తొలి విడతలో గెలిచినవి రెండే రాష్ట్రాలు, అందులో టెనెస్సీ ఒకటి. అక్కడ టీచరు మదింపులో సగభాగం విద్యార్థుల ఫలితాలకే కేటాయించారు. కానీ రాష్ట్ర పరీక్షలు ఉన్నవి ఇంగ్లీషు, లెక్కలు లాంటి కొన్ని విషయాలకే. మరి సంగీతం టీచరుకు అంకె ఎక్కడి నుంచి తేవాలి? బడి మొత్తం సాధించిన సగటును తెచ్చి ఆమె ఖాతాలో వేశారు. కోరస్ నేర్పే టీచరు మంచిదా కాదా అన్నది తాను ఎన్నడూ నేర్పని లెక్కల మార్కులు తేల్చాయి.

1862 నాటి పొరపాటుకు ఇది మరో రూపం. అప్పుడు పాటను లెక్కలోకి తీసుకోలేదు, ఇప్పుడు లెక్కలనే పాటగా లెక్కించారు. నిజానికి లెక్కల టీచరు విషయంలో కూడా ఈ అంకెలకు ఉన్న బలం తక్కువ. విద్యార్థుల మార్కుల్లో కనిపించే తేడాల్లో టీచరు వల్ల వచ్చేది 1 నుంచి 14 శాతమేనని చాలా అధ్యయనాలు చెబుతున్నట్టు అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2014లో ప్రకటించింది. వేరే విషయం మార్కులతో సంగీతం టీచరును తూచడాన్ని ఏ పేరుతో సమర్థించగలం?

దీనికి టెనెస్సీలోనే ఉన్న మెంఫిస్ నగర కళా ఉపాధ్యాయులు ఇచ్చిన జవాబు నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. వాళ్లు మదింపు వద్దనలేదు. మా పిల్లల పాట విని మమ్మల్ని మదింపు చేయండి అన్నారు. టీచరు ఏడాది మొదట్లో పిల్లలు పాడినదీ వాయించినదీ రికార్డు చేస్తుంది, కొన్ని నెలల తర్వాత మళ్లీ రికార్డు చేస్తుంది. వెనకబడినవాళ్లు, మధ్యస్థులు, ముందున్నవాళ్లు, అందరి ప్రగతీ కనబడాలి. మొదట తనకు తాను మార్కు వేసుకుంటుంది. ఆ రికార్డులను అదే కళను నేర్పే మరో టీచరు విని తన మార్కు వేస్తుంది. రాష్ట్రం దీన్ని ఆమోదించింది. 1882 పరీక్షలోని మంచి అంతా ఇందులో ఉంది, దానికి లేని చెవి కూడా ఉంది. పిల్లలు ఎక్కడ మొదలయ్యారో చూడడం దీనికే దక్కిన గొప్పదనం. ఇంట్లో పియానో ఉన్న పిల్లల బడినీ, బడిలో తప్ప ఎక్కడా వాద్యం చూడని పిల్లల బడినీ ఒకే గీత దగ్గర నిలబెట్టదు.

నా శంకలు నాకున్నాయి. ఏ పిల్లల రికార్డు పంపాలో టీచరే ఎంచుకుంటే, ఏరిన నలుగురి పాట మళ్లీ తలుపు తట్టినట్టే. రికార్డు చేయడం, కత్తిరించడం, ఎక్కించడంలో గడిచే గంటలు పాట గంటల నుంచే పోతాయి. దీన్ని చేపట్టడం జిల్లాల ఇష్టానికి వదిలేశారు కాబట్టి అన్నిచోట్లా ఇది అందలేదు. 2015లో కొత్త చట్టం వచ్చాక మార్కులతో టీచరు మదింపును ముడిపెట్టాలన్న ఫెడరల్ ఒత్తిడి కూడా పోయింది. ఒత్తిడి పోవడం మంచిదే, దాంతోపాటు వినాలన్న పట్టుదల పోతే మాత్రం నష్టం. ఇంగ్లండులో కూడా బడులను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ సంస్థ 2012 నివేదిక సంగీతం తరగతుల్లో మాటలు ఎక్కువై సంగీతం తక్కువైందని గుర్తించింది. పాఠం లక్ష్యాలు బోర్డు మీద అందంగా ఉన్నాయా అని చూసే పరిశీలకుడు వస్తాడని తెలిస్తే, టీచరు బోర్డే రాస్తుంది.

మన దగ్గరికి వస్తే 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం వందకు మించి పిల్లలున్న ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడికి కళలకు ఒక పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టరు ఉండాలి. బొమ్మలకూ పాటకూ కలిపి ఒక్కరే. 2020 జాతీయ విద్యావిధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడ ఉండరాదని చెప్పింది. 2023 పాఠ్యప్రణాళిక చట్రం కళా విద్యను పాఠ్యాంశాల్లో చేర్చింది. కాగితం మీద ఇవి మంచి మాటలు. సంగీతం టీచరు ఉన్న కొద్ది బడుల్లో ఆమె పనితనం తేలేది మాత్రం ఆగస్టు 15న, జనవరి 26న, వార్షికోత్సవం నాడు. స్వాగతగీతం బాగా వచ్చిందా, అతిథి మెచ్చుకున్నారా? ఆ పాటకు గొంతు బాగున్న ఆరుగురిని ఏరుకుంటారు. వేదిక ఎక్కని మిగతా తరగతికి ఏడాదిలో ఏమి వచ్చిందో ప్రధానోపాధ్యాయుడు అడగడు, మండల అధికారి అడగడు, తల్లిదండ్రులకు అడగాలని తెలియదు.

ఇది మదింపు లేకపోవడం కాదు. చాలా కఠినమైన మదింపే, పైగా తప్పు మదింపు. దీని కింద మంచి టీచరు ఏం చేయాలో అది చేయలేకపోతుంది. శ్రుతి కలవని ముప్పై మందికి ఓపికగా స రి గ మ కలిపే పని ఎవరి కంటా పడదు, మార్కు తేదు. జిల్లాకు ఒకరిద్దరు సంగీతం తెలిసిన పరిశీలకులు, ఏడాదికి రెండుసార్లు, ముందు చెప్పకుండా, టీచరు ఏరిన పిల్లలను కాక హాజరుపట్టీలోంచి తాము ఎంచుకున్న పిల్లలను ఓ అరగంట వింటే చాలు. ఇందుకు షిల్లింగుల లెక్కలూ అక్కర్లేదు, సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. విజయనగరం మొదలుకొని మన సంగీత కళాశాలల్లో చదివి ఉద్యోగం లేక తిరుగుతున్నవాళ్లలోనే ఆ చెవులున్నాయి.