ఇరవయ్యారు చూడీల బోల్టు

మా అబ్బా వదిలిపోయినవాటిలో అన్నదమ్ములం పంచుకోలేకపోయింది ఒక్కటే. బుల్లెట్టు. 1968 మోడలు. రాయచోటిలో మా ఇంటి పంచన గోనెపట్టా కింద పన్నెండేళ్లు పడివుంది. కోళ్లు దానిమీదెక్కి పడుకునేవి. కువైట్‌లో ఉన్న చిన్న తమ్ముడు డబ్బులు పంపి, "అబ్బా బండి మళ్లా నడవాల భాయ్" అన్నాడు. సరేనని ఇంజను విప్పించాం. విప్పడం ఒక్కరోజు పని. బిగించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పిస్టను దొరికింది, రింగులు దొరికాయి, వాల్వులు దొరికాయి. దొరకనివి బోల్టులు.

బోల్టుకు కూడా చరిత్రేమిటని నవ్వొస్తుందేమో. మేమూ నవ్వినవాళ్లమే. మా గురించి ఎవరైనా చరిత్ర రాస్తే గోల్కొండ, మహా అయితే కడప నవాబులు. ఇరవయ్యేళ్లుగా రెండు భాషల పత్రికలకు రాస్తున్నా, గల్లీ చివర షెడ్డులో గ్రీసు చేతులతో కూచున్న మనిషి దగ్గర రాసుకోదగ్గ చరిత్ర ఉందని మాకూ తట్టలేదు. నవాబుల వారసులమని చెప్పుకోవడంలో ఉన్న కులాసా మేస్త్రీ కొడుకులమని చెప్పుకోవడంలో ఉండదు కదా.

మొదట చేసిన తప్పు మాదే. ఊళ్లోని ముసలి ఉస్తాద్‌ను వదిలి, అద్దాల షాపున్న పెద్ద ఊరికి ఇంజను మోసుకెళ్లాం. అక్కడి కుర్రాడు అల్యూమినియం క్రాంక్‌కేసులో అంగుళంలో పదహారింట ఐదు వంతుల రంధ్రానికి 8 మిల్లీమీటర్ల బోల్టులు మూడు దించాడు. అతని తప్పు కూడా ఏముంది? పదహారింట ఐదు అంటే 7.94 మిల్లీమీటర్లు. కంటికి తేడా తెలియదు. తేడా చూడీలో ఉంది. ఆ రంధ్రంలో అంగుళానికి 18 చుట్లు, అతను దించిన బోల్టుకు 20కి కాస్త పైన. రెండు చుట్లు బుద్ధిగా దిగుతుంది, తర్వాత మొరాయిస్తుంది. పానా వేసి బలంగా తిప్పితే ఉక్కు గెలుస్తుంది, మెత్తటి అల్యూమినియం ఓడిపోతుంది. ఓడిపోయిన క్రాంక్‌కేసును బస్సు టాపు మీద వేసుకుని, గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగి, మళ్లా ఉస్తాద్ షెడ్డుకే వచ్చాం. ఆయన కోప్పడలేదు. ఆ బోల్టుల్లో ఒకటి తీసి బొటనవేలి గోరుతో చూడీ మీద ఒక్క గీత గీసి, "యే ఇస్‌కా నై" అన్నాడు. ఇది దీనిది కాదు.

చూడీ అంటే గాజు. మా మేస్త్రీలు బోల్టు ఒంటిమీది మరను గాజు అంటారు. మర కొరుక్కుపోతే "చూడీ మర్ గయీ", గాజు చచ్చిపోయింది. లేత్ మిషన్ ఖరాద్, స్క్రూడ్రైవర్ పేచ్‌కస్. అంగుళంలో ఎనిమిదో వంతు సూత్. వడ్రంగులు నూలు అనే కొలత అదే. పదహారింట ఐదు వంతులను ఉస్తాద్ "ఢాయీ సూత్" అంటాడు, రెండున్నర నూళ్లు. భిన్నాల లెక్క ఏ బడిలోనూ నేర్వని మనిషి అంత శుభ్రంగా భిన్నం చెప్పడం మాకు అప్పుడే తెలిసింది. ఇక పానా ఉండనే ఉంది. అది ఇవాళ తెలుగు మాటే. నువ్వెక్కడినుంచి వచ్చావని దాన్ని ఎవరూ అడగరు.

ఈ చూడీల గొడవ ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ పోయాం. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు బోల్టుల మరలకు ఒక కట్టుబాటు పెట్టాడు. అంతకుముందు ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, మర ముతక. అదే కోణంతో సన్నమర తర్వాత వచ్చింది. సైకిళ్లు చేసేవాళ్లు ఇంకో దారి పట్టారు. అదిరినా వదులు కాని మర వాళ్లకు కావాలి. కోణం 60 డిగ్రీలు పెట్టి, ఎక్కువ సైజులకు అంగుళానికి 26 చుట్లు పెట్టుకున్నారు. సూదుల తయారీకి పేరుపడ్డ రెడ్డిచ్ ఊళ్లో ఎన్‌ఫీల్డ్ వాళ్లు మొదట సైకిళ్లే చేశారు. మోటారుసైకిళ్లకు మారినా పాత మర మానలేదు. అందుకే బుల్లెట్టులో మూడు జాతుల చూడీలు కలిసి కాపురం చేస్తాయి. అల్యూమినియంలో దిగేచోట ముతకది, నట్టు పట్టేచోట సన్నది, చాలాచోట్ల సైకిల్‌ది.

1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ మన దేశంలో అడుగుపెట్టింది. సరిహద్దుల్లో తిరగడానికి మిలిటరీ అడిగిన 800 బండ్లే అందుకు కారణం. మొదట్లో విడిభాగాలు ఓడలో వచ్చేవి, తర్వాత అచ్చులే వచ్చాయి. అచ్చులతోపాటు అంగుళాలూ వచ్చాయి. విచిత్రమేమంటే సరిగ్గా ఆ రోజుల్లోనే దేశం అంగుళాన్ని వదిలించుకోవడం మొదలుపెట్టింది. తూనికలు, కొలతల చట్టం 1956లో, నయాపైసలు 1957లో. బజారు మెల్లగా మిల్లీమీటరుకు మారిపోయింది. మద్రాసు బుల్లెట్టు మాత్రం ఇంగ్లండు వదిలేసిన కొలతల్ని ఏళ్ల తరబడి మోసింది. రెడ్డిచ్ కార్ఖానా 1967లో మూతపడ్డాక కూడా ఆ చూడీలు తిరువొత్తియూరులో తయారవుతూనే ఉన్నాయి.

ఇదే రాయచోటిలో జావా ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. మైసూరులో తయారైన జావా చెకోస్లోవేకియా బండి, పుట్టుకతోనే మిల్లీమీటరు. ఏ హార్డ్‌వేరు కొట్టుకెళ్లినా దానికి బోల్టు దొరుకుతుంది. తర్వాత అదే యెజ్డీ అయింది. కార్ఖానా పెట్టిన పార్సీల పూర్వీకుల ఇరాన్ దేశంలో యజ్ద్ అనే ఊరుంది. ఆ పేరు పెట్రోలు ట్యాంకు మీద రాసుకుని అది 1996 దాకా మైసూరు నుంచి వస్తూనే ఉండింది. దాన్ని పరాయి బండి అన్నవాళ్లను మేం చూడలేదు.

సరైన బోల్టుల వేట మద్రాసులో పుదుపేట నుంచి మొదలుపెట్టాం. పాత వాహనాలు విప్పి అమ్మే సందులు అవి. ఉస్తాద్ మా చేతికి నమూనాలు ఇచ్చి, పరీక్ష కూడా నేర్పి పంపాడు. రెండు బోల్టుల్ని పక్కపక్కనే ఆనించి, ఒకదాని చూడీ ఇంకోదాని చూడీలో కూచోబెట్టి వెలుతురుకు పట్టుకోవాలి. సందులోంచి వెలుగు కనిపిస్తే అది కాదు. తేలిగ్గానే ఉందనుకున్నాం. పావు అంగుళం దగ్గర బోల్తాపడ్డాం. పావు అంగుళం సన్నమరకూ 26 చుట్లే, సైకిల్ మరకూ 26 చుట్లే. లెక్క ఒకటే, కోణం వేరు. పొట్టి బోల్టుల్లో ఆ ఐదు డిగ్రీల తేడా మా కంటికి ఆనలేదు. రెండు డజన్లు తెస్తే ఏడు పనికిరాలేదు. కొత్త పొట్లంలో ఒరిజినల్ ముద్రతో కొన్నవి నాలుగు ఉస్తాద్ ఆకురాయి కిందికి రాగానే పిండిలా రాలాయి. గట్టి ఇనుమైతే ఆకురాయి జారాలి. మిల్లీమీటరు బోల్టుకైతే తలమీద 8.8 అనో 10.9 అనో అంకె చూసి బలం తెలుసుకోవచ్చు. ఈ పాత అంగుళం బోల్టుల్లో చాలావాటి తల మీద ఏమీ రాసివుండదు.

తమ్ముడు కువైట్ నుంచి ఫోన్లో, "అన్నీ స్టెయిన్‌లెస్ వేయించండి, మెరుస్తాయి" అన్నాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. మామూలు స్టెయిన్‌లెస్‌కు ఇంజను బోల్టుకు కావలసిన బిగువు ఉండదు. పైగా స్టెయిన్‌లెస్ నట్టూ స్టెయిన్‌లెస్ బోల్టూ ఒకదాన్నొకటి కొరికి పట్టుకుంటే విరగ్గొట్టడమే దారి. మెరుపు మడ్‌గార్డుకు పెట్టుకోమన్నాడు.

దొరకని తొమ్మిదింటిని ఖరాద్ మీద చేయించాం. ఈఎన్-24 ఉక్కు కడ్డీ తెచ్చి, లేత్‌కు 26 చుట్ల లెక్కకు పళ్లచక్రాలు మార్చి, కోసే పనిముట్టును 60 డిగ్రీలకు సానబట్టి. ఒక్కో బోల్టుకు పూట పట్టింది. చెడిపోయిన మూడు రంధ్రాలను పెద్దవి చేసి, కొత్త మర తీసి, లోపల ఉక్కు తీగ చుట్టను దించి మళ్లా పాత కొలతకు తెచ్చాడు. అప్పుడే ఒకటి చూపించాడు. అంతా అంగుళాల ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఒక్కటి 14 మిల్లీమీటర్లది. రెడ్డిచ్‌లో కూడా అంతే. పరాయి చూడీది, అదీ సిలిండర్ నెత్తిన. అది లేకుండా నిప్పు పుట్టదు.

ఉస్తాద్‌కు ఇప్పుడు డెబ్భై దాటాయి. కళ్లు మసకబారాయి, గోరు మాత్రం చూస్తుంది. కొడుకులిద్దరూ కువైట్‌లో డ్రైవర్లు, షెడ్డులో షాగిర్దులు లేరు. ఆయన దగ్గర పాత డబ్బాలు ముప్ఫై దాకా ఉన్నాయి. ఏ డబ్బాలో ఏ బోల్టుందో, ఏది ఎక్కడ పడుతుందో రాసిన కాగితం ఒక్కటీ లేదు. అందుకని మేం వారానికి రెండు సాయంత్రాలు నోటుబుక్కు పట్టుకుని కూచున్నాం. కుడివైపు ఆయన మాట ఉర్దూలో, ఎడమవైపు తెలుగులో. ఢాయీ సూత్, ఛబ్బీస్ చూడీ, కేసు కింద, పొట్టిది. తీన్ సూత్, బీస్ చూడీ. ఇప్పటికి పదకొండు డబ్బాలయ్యాయి.

బండి స్టార్టయిన రోజు ఆయన కూలీ లెక్క చూసుకున్నాక, ఆ మూడు 8 మిల్లీమీటర్ల బోల్టులు ఎక్కడున్నాయని అడిగాడు. పారేశామేమో అనుకున్నాం. వెతికితే టూల్‌బాక్సు అడుగున దొరికాయి. ఆయన వాటిని కిరసనాయిలులో కడిగి, బట్టతో తుడిచి, ఇంకో డబ్బాలో వేసి మూత పెట్టాడు.

"జావావాళ్లు వస్తారు" అన్నాడు.