పట్టికల నుండి నెట్‌వర్క్ చిత్రాలు: రెండు శ్రీరాంపూర్‌ల ఉదాహరణ

శ్రీరాంపూర్: గోదావరి వరదల సమయంలో ఏ వంతెన మూతపడితే ఏ పట్టణానికి రాకపోకలు నిలిచిపోతాయన్నది రహదారుల పట్టిక చదివి చెప్పడం కష్టం. అదే పట్టికను కంప్యూటర్ ప్రోగ్రాం ద్వారా నెట్‌వర్క్ గ్రాఫ్‌గా మార్చినట్లయితే క్షణాల్లో సమాధానం లభిస్తుంది. అయితే పట్టికలో ఒక్క ఊరి పేరు తప్పుగా నమోదైనా సమాధానం తలకిందులవుతుంది. పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ఈ విధానం వివరాలు దిగువ ఇవ్వడమైనది.

నేపథ్యం

గ్రాఫ్ అనగా బిందువులు, వాటిని కలిపే లంకెల సముదాయం. కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనలను ఒక్కొక్కసారి మాత్రమే దాటుతూ నడవడం సాధ్యం కాదని లియోన్‌హార్డ్ ఆయిలర్ 1735లో నిరూపించారు. ఈ శాస్త్రానికి అదే నాంది. నేడు పైథాన్ భాషలోని పాండాస్, నెట్‌వర్క్‌ఎక్స్ ఉపకరణాలు ఉచితంగా లభిస్తున్నాయి.

పట్టిక తయారీ

ప్రతి వరుసలో ఒక లంకె, అనగా 'నుండి', 'వరకు' అనే రెండు గడులు ఉండాలి. ఉదాహరణకు కరీంనగర్–పెద్దపల్లి, పెద్దపల్లి–గోదావరిఖని, గోదావరిఖని–ఇందారం, ఇందారం–శ్రీరాంపూర్, శ్రీరాంపూర్–మంచిర్యాల, మంచిర్యాల–లక్షెట్టిపేట, లక్షెట్టిపేట–ధర్మపురి, ధర్మపురి–జగిత్యాల, జగిత్యాల–కరీంనగర్ అనే తొమ్మిది వరుసలు ఒక వలయంగా ఏర్పడతాయి. ఇందారం–చెన్నూరు, మంచిర్యాల–మందమర్రి, మందమర్రి–బెల్లంపల్లి, పెద్దపల్లి–కాల్వశ్రీరాంపూర్ చేర్చగా 13 బిందువులు, 13 లంకెలు అవుతాయి. ఇది నమూనా పట్టిక మాత్రమే; ఇతర రహదారులు, రైలు మార్గం ఇందులో చేర్చలేదు.

ఈ పట్టికను సీఎస్‌వీ ఫైలుగా భద్రపరచి పాండాస్‌తో చదివించాలి. నెట్‌వర్క్‌ఎక్స్‌లోని 'ఫ్రం పాండాస్ ఎడ్జ్‌లిస్ట్' అనే ఒక్క ఆదేశంతో గ్రాఫ్ సిద్ధమవుతుంది.

వంతెనల పరీక్ష

ఈ పట్టికలో గోదావరిని దాటే లంకెలు రెండే. మొదటిది గోదావరిఖని–ఇందారం మార్గంలోని వంతెన కాగా, రెండవది లక్షెట్టిపేట–ధర్మపురి మార్గంలోని రాయపట్నం వంతెన. వీటిలో ఏ ఒక్కదానిని తొలగించినా వలయం కారణంగా రెండవ దారి మిగులుతుంది. రెండింటినీ తొలగించి 'కనెక్టెడ్ కాంపొనెంట్స్' ఆదేశం ఇస్తే గ్రాఫ్ రెండు ముక్కలవుతుంది. ఉత్తరాన మంచిర్యాలతో సహా ఏడు, దక్షిణాన కరీంనగర్‌తో సహా ఆరు బిందువులు ఉంటాయి. 2022 జూలై వరదల్లో మంచిర్యాల పట్టణంలోని లోతట్టు ప్రాంతాలు నీట మునిగిన విషయం విదితమే. అటువంటి వేళ సహాయ సామగ్రిని ఏ ఒడ్డున ఎంత నిల్వ ఉంచాలో నిర్ణయించడానికి ఈ పరీక్ష ఉపకరిస్తుంది.

ఒకే పేరు, రెండు ఊర్లు

సింగరేణి బొగ్గు గనులున్న శ్రీరాంపూర్ పాత ఆదిలాబాద్ జిల్లాలోనిది. నేడు మంచిర్యాల జిల్లాలో ఉన్నది. కాల్వశ్రీరాంపూర్ పాత కరీంనగర్ జిల్లాలోనిది. నేడు పెద్దపల్లి జిల్లాలో మండల కేంద్రం. రెండింటి మధ్య గోదావరి ప్రవహిస్తున్నది. రెండవ ఊరిని కూడా ఎవరైనా 'శ్రీరాంపూర్' అని నమోదు చేస్తే ప్రోగ్రాం రెండింటినీ ఒకే బిందువుగా స్వీకరిస్తుంది. బిందువులు 12కు తగ్గుతాయి. రెండు వంతెనలూ తొలగించినా గ్రాఫ్ ఒకే ముక్కగా నిలుస్తుంది. అనగా నదిపై లేని దారి ఒకటి తెరపై వెలుస్తుంది. ప్రోగ్రాం ఎటువంటి హెచ్చరికా చేయదు.

దీనికి విరుద్ధంగా మంచిర్యాల, మంచిర్యాల్ అని రెండు విధాలుగా రాస్తే ఒకే పట్టణం రెండు బిందువులై, ఉన్న దారి తెగిపోతుంది. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగినందున పాత, కొత్త పట్టికలను జిల్లా పేరు ఆధారంగా కలపడం కూడా సరికాదు. పేరుకు బదులు కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని కోడ్‌ను బిందువు గుర్తుగా వాడి, పేరును చిత్రంపై చూపడానికి మాత్రమే ఉపయోగించడం శ్రేయస్కరం. ఇందారం వంటి కూడళ్లకు కూడా ప్రత్యేక గుర్తు ఇవ్వాలి.

చిత్రణలో జాగ్రత్తలు

'స్ప్రింగ్ లేఅవుట్' పద్ధతిలో గీసిన చిత్రంలో గీత పొడవుకు, కిలోమీటర్లకు సంబంధం ఉండదు. ఉత్తర దక్షిణాలు తారుమారు కావచ్చు. పటం వలె కనిపించాలంటే ప్రతి బిందువుకు అక్షాంశ రేఖాంశాలు ఇవ్వాలి. చిత్రం గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ సాధారణ ఫాంటులో తెలుగు లేనందున పేర్ల స్థానంలో గడులు కనిపిస్తాయి. తెలుగు ఫాంటు ఎంచుకుని, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో పరిశీలించాలి.

విడుదలకు ముందు బిందువుల సంఖ్యను ఊర్ల జాబితాతో సరిచూడాలి. 13 ఉండవలసిన చోట 12 కనిపిస్తే చిత్రం ఎంత అందంగా ఉన్నా దానిని ప్రచురణకు గాని, సహాయక చర్యలకు గాని ఉపయోగించరాదు.