కళ్ళు లేని పాఠకుడికి కరదీపిక

ఈమధ్య ఆఫీసులో నాకో పని పడింది. మేము లోపల వాడుకునే ఒక బ్రౌజర్ డీబగ్గింగ్ పరికరానికి డాక్యుమెంటేషన్ రాయాలి. ఇలాంటి కరదీపికలు ఇదివరకు చాలానే రాశాను, ఎవరూ చదవరన్న ధీమాతో. ఈసారి చదివేది ఏఐ ఏజెంట్. అది ప్రతి అక్షరమూ చదువుతుంది, రాసింది రాసినట్టే చేస్తుంది. “అవసరమైతే పేజీని రీలోడ్ చేయండి” అని రాసి ఊరుకున్నాను. ఎప్పుడు అవసరమో చెప్పలేదు. అది అడుగడుక్కీ రీలోడ్ చేస్తూ, కన్సోల్లో తాను వెతుకుతున్న తప్పుని తానే చెరిపేసుకుంటూ కూర్చుంది.

ఆ వాక్యం దిద్దుతున్నప్పుడే, ఈ పరికరాలు అసలు ఎవరిని మనసులో పెట్టుకుని పుట్టాయా అన్న ఆలోచన వచ్చింది.

1995లో బ్రెండన్ ఐక్ పదిరోజుల్లో జావాస్క్రిప్ట్ తయారుచేశాడన్న కథ తెలిసిందే. దాన్లో తప్పులు పట్టుకోవడానికి మాత్రం చాలాకాలం మనలాంటివాళ్ళకి అలర్ట్ పెట్టే దిక్కు. అనుమానమున్న చోటల్లా ఒక అలర్ట్ పెట్టడం, ఏది తెరమీదికి రాలేదో చూసుకోవడం. కరెంటు పోతే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూసినట్టు. మొజిల్లాలో వెంక్‌మన్ అనే డీబగ్గర్ ఉండేది గాని, దాన్ని వాడేవాళ్ళెవరూ నాకు తగల్లేదు. 2006 జనవరిలో జో హ్యూయిట్ ఫైర్‌ఫాక్స్ కోసం ఫైర్‌బగ్ విడుదల చేశాక కథ మారింది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ నాకది మొదటిసారి చూపించాడు. పేజీలో ఏ ముక్క మీద మౌస్ పెడితే దానిచుట్టూ నీలిగీత, కింద దాని హెచ్‌టీఎంఎల్. అక్కడ ఒక మాట మారిస్తే ఇక్కడ రంగు మారిపోతోంది! ఇంటిగోడలన్నీ ఒక్కసారిగా గాజువైపోయినట్టనిపించింది. ఫైర్‌బగ్ 2017లో ఆగిపోయింది. దాని పోలికలు మాత్రం ఇవాళ్టి డెవలపర్ టూల్స్ అన్నింటిలోనూ కనిపిస్తాయి. వాటి డాక్యుమెంటేషన్ కూడా కంటినే నమ్ముకుంది: ఫలానా ట్యాబ్ నొక్కండి, ఎర్రగా ఉన్న వరస చూడండి, పక్కనొక బొమ్మ.

అదే 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు మరో పని మొదలుపెట్టాడు. స్క్రీన్‌రీడర్లు అప్పటికే ఉన్నాయి, ఖరీదే ఎక్కువ. అందరూ వాడే కంప్యూటర్‌ని తానూ వాడుకోవడానికి చూపులేని మనిషి అదనంగా డబ్బు కట్టుకోవాలనడం అతనికి న్యాయంగా తోచలేదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్‌రీడర్ రాయడం మొదలుపెట్టాడు. తర్వాత జేమ్స్ టే తోడయ్యాడు.

స్క్రీన్‌రీడర్‌కి తెరమీది రంగులతో పనిలేదు. బ్రౌజర్ పేజీలోంచి ఇంకో చెట్టు తయారుచేసి అందిస్తుంది, యాక్సెసిబిలిటీ ట్రీ అంటారు. ఇది బటన్, పేరు “చెల్లించు”. ఇది రాసే గడి, పేరు “ఫోన్ నంబర్”. అంతే. పేజీ రాసినవాడు పేరు ఇవ్వకపోతే వినిపించేది ఉత్త “బటన్” అనే. పేజీలో తొమ్మిదిసార్లు “బటన్” అని వింటే ఏది నొక్కాలి? ఫైర్‌బగ్‌తో కళ్ళు తెరిచిన మా తరం ఈ రెండో చెట్టువైపు తిరిగి చూసింది తక్కువ.

2024 నవంబరులో ఆంత్రోపిక్ ఎంసీపీని బయటపెట్టింది. మోడళ్ళు బయటి పరికరాలతో మాట్లాడుకునే ఒప్పందంలాంటిది అది. 2025 సెప్టెంబరులో క్రోమ్ బృందం తమ డెవ్‌టూల్స్‌ని దానికి కలిపింది. అందులోని పరికరాల వివరణలు వరసగా చదివాను (ఇలాంటివి తీరిగ్గా చదివే మనిషిని నేనొక్కణ్ణేనేమో). కన్సోల్ సందేశాలు, నెట్‌వర్క్ అభ్యర్థనలు, పెర్ఫార్మెన్స్ ట్రేస్, ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాలు. ఏ పరికరాన్ని ఎప్పుడు అందుకోవాలో ఏజెంట్ ఆ వాక్యాల్ని బట్టే తేల్చుకుంటుంది. ఒకచోట ఆగిపోయాను. స్క్రీన్‌షాట్ కంటే స్నాప్‌షాట్ తీసుకోవడమే మేలని ఏజెంట్‌కి సలహా. ఈ స్నాప్‌షాట్ ఏమిటంటారా? యాక్సెసిబిలిటీ ట్రీనే అక్షరాల్లో పరిచి, ఒక్కో అంశానికీ ఒక గుర్తు తగిలించిన జాబితా.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం, ఇంకో కంపెనీలో ఉండగా, చూపులేని ఒకావిడ నుంచి ఫిర్యాదు వచ్చింది. డబ్బు కట్టే పేజీలో బటన్లకి పేర్లు లేవు, ఏది దేనికో తెలియడం లేదని. ముచ్చటైన ఐకాన్లు పెట్టి పేర్లు రాయడం మరిచింది నేనే. ఆ టికెట్‌కి ఆఖరి ప్రాధాన్యం వేసిందీ నేనే. ఉద్యోగం మారేనాటికి అది అలాగే పడి ఉంది.

మొన్న ఇప్పటి ఆఫీసులో, నేను కరదీపిక రాసిచ్చిన ఆ ఏజెంట్ మా పేజీ తెరిచి “బటన్, బటన్, బటన్” అని చదువుకుని, తప్పుదాన్ని నొక్కింది. సాయంత్రానికల్లా మీటింగ్ పెట్టారు. రెండు రోజుల్లో సైట్లో ప్రతి బటనుకీ పేరొచ్చింది. ఒక్కో పేరుకీ ఒక్క పంక్తి. ఈ మార్పు ఎందుకు అన్న గడిలో ఎవరో “ఏజెంట్ల కోసం” అని రాశారు. రివ్యూ నా దగ్గరికే వచ్చింది. కాసేపు చూసి, ఆమోదం నొక్కాను.