ఒంటె, గిజిగాడు: ఎండను తట్టుకునే తీరు

ఒంటె ఎడారి క్షీరదం. గిజిగాడు గోదావరి డెల్టాలో కాలువగట్ల తాడిచెట్లకు గూళ్లు వేలాడగట్టే చిన్న పిట్ట. శాస్త్రీయ నామం ప్లోసియస్ ఫిలిప్పినస్. ఒంటె బరువు 500 కిలోలనుకుంటే గిజిగాడిది 25 గ్రాములు. కాగులో నీళ్లు నిదానంగా వేడెక్కుతాయి, గరిటెడు నీళ్లు ఇట్టే కాగిపోతాయి. ఈ రెండు ప్రాణుల దారులు వేరైంది అక్కడే.

నీళ్లు దొరకనప్పుడు ఒంటె తన ఒంటి వేడిని తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగనిచ్చి, పగలు 40 దాటేదాకా పెరగనిస్తుంది. చెమటగా పోవలసిన నాలుగైదు లీటర్ల నీరు అలా మిగులుతుంది. శాస్త్రవేత్త ష్మిట్-నీల్సన్ 1950లలో సహారాలో ఈ సంగతి తేల్చాడు. మూపురంలో ఉండేది కొవ్వు, నీళ్లు కావు. ఒంటి బరువులో నాలుగో వంతు నీరు పోయినా బతికి, ఆపై పది నిమిషాల్లో వంద లీటర్ల దాకా తాగగలదు.

పిట్టకు ఆ వెసులుబాటు లేదు. దాని ఒళ్లు మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది, స్వేదగ్రంథులు లేవు. రోహిణి కార్తె ఎండలో ముక్కు తెరిచి రొప్పుతుంది. డెల్టా ఉక్కపోతలో ఆ తడి కూడా త్వరగా ఆరదు కనుక, నీడే దానికి అసలు రక్ష. ఒక్క ఉపాయంలో మాత్రం పిట్టదే పైచేయి: ఒంటె యూరియాను నీటితోనే బయటికి పంపాలి, పిట్ట యూరిక్ ఆమ్లాన్ని తెల్లటి ముద్దగా విసర్జిస్తుంది. రెండింటికీ ఒక పోలిక ఉంది. క్షీరదాల్లో ఒంటె జాతికే ఎర్ర రక్తకణాలు పక్షులకున్నట్లు కోలగా ఉంటాయి. పిట్ట కణంలో కేంద్రకం ఉంటుంది, ఒంటె కణంలో ఉండదు.

ఆ ఎండలు తగ్గి, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలి, ఊడ్పులు పడ్డాక గిజిగాడి పని మొదలవుతుంది. వరి ఆకులను, తాటాకులను సన్నగా చీల్చి, వందల సార్లు ఎగిరి తెచ్చి మగపిట్టే గూడు అల్లుతుంది. సగం అల్లగానే ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం, కింది గొట్టం పూర్తవుతాయి. లోపల తడి మట్టి అద్దుతుంది. మిణుగురులను అంటించి దీపం పెట్టుకుంటుందన్నది పెద్దల మాట; దానికి రుజువు లేదు. కవి గుర్రం జాషువా గిజిగాడిపై ఖండిక రాశాడు. ఇంత నేర్పున్న పిట్ట మన చేలగట్లపై ఉండడం డెల్టా భాగ్యమే.

నీటి మీదికి వాలిన తాడిచెట్టు దానికి పాముల నుంచి కాపు. గట్టు వెడల్పు చేసేవారు గూళ్లున్న చెట్టును కనీసం పిల్లలు ఎగిరేదాకా నరకకుండా ఉంచాలి.