డ్రిల్లు మాస్టారి నుంచి కోచ్ దాకా: సాఫ్ట్‌బాల్ భద్రతా నియమాల నడక

నిజామాబాద్ జిల్లా ఆడపిల్లల ఆటల గురించి మాట మొదలైతే ముందు బాక్సర్ నిఖత్ జరీన్ పేరు వస్తుంది. హాకీ తెలిసినవాళ్లు యెండల సౌందర్యను, ఫుట్‌బాల్ చూసేవాళ్లు గుగులోతు సౌమ్యను తలుచుకుంటారు. ధర్పల్లి వైపు వాళ్లకు మాత్రం మాలావత్ పూర్ణ దగ్గరి పిల్ల. ఆమె ఊరు పాకాల, సిరికొండ మండలంలోది. గురుకులంలో చదువుకుంటూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ కొండ మీదికి పంపే ముందు భువనగిరి గుట్ట మీద బండలెక్కించారు, డార్జిలింగ్‌లో శిక్షణ ఇప్పించారు, లడఖ్ చలికి అలవాటు చేశారు. తాడూ బూట్లూ ఆక్సిజనూ లేకుండా పంపుదామని ఎవరూ అనలేదు, అనరు కూడా. అదే వయసు పిల్ల చేతికి సాఫ్ట్‌బాల్ బ్యాట్ ఇచ్చేటప్పుడు హెల్మెట్ ఉందా అని అడగడం మాత్రం మనకింకా అలవాటు కాలేదు.

ఈ ఆట జిల్లాకు కొత్తదేమీ కాదు. డిచ్‌పల్లి మండలం సుద్దపల్లి సాంఘిక సంక్షేమ గురుకులం ఆడపిల్లల సాఫ్ట్‌బాల్‌కు పేరున్న చోటు. స్కూల్ గేమ్స్‌లోనూ వయసుల వారీగా ఈ ఆటకు పోటీలున్నాయి. టీవీలో కనిపించదు కాబట్టి బయటివాళ్లకు దీని సంగతి తెలియదు, అంతే. పేరు విని మెత్తటి బంతి ఆట అనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఒక్కసారి బంతిని తూచి చూడాలి. పురుషుల క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములుంటుంది. సాఫ్ట్‌బాల్ 178 నుంచి 198 గ్రాములు. క్రికెట్ పిచ్ పొడవు 20 మీటర్ల పైచిలుకు. సాఫ్ట్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్‌కూ బ్యాటర్‌కూ మధ్య దూరం మహిళల అంతర్జాతీయ మ్యాచ్‌లో 13.11 మీటర్లే. చేతిని గుండ్రంగా తిప్పి నడుము కింది నుంచి విసిరే ఆ బంతి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తే, బ్యాటర్‌కు దాన్ని చూసుకోవడానికి అర సెకను కూడా దొరకదు.

మొదట్లో ఇది ఇలా లేదు. అసలు ఆరుబయట ఆడిన ఆటే కాదు. 1887 నవంబర్‌లో, థాంక్స్‌గివింగ్ పండుగ నాడు, షికాగోలోని ఫరాగట్ బోట్ క్లబ్‌లో కొందరు కుర్రాళ్లు యేల్, హార్వర్డ్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఫలితం తెలిసిన హుషారులో ఒకడు బాక్సింగ్ గ్లవ్ విసిరితే ఇంకొకడు కర్రతో కొట్టాడు. అక్కడే ఉన్న జార్జ్ హాన్‌కాక్ ఆ గ్లవ్‌ను తాడుతో గట్టిగా కట్టి బంతి చేశాడు, నేల మీద సుద్దతో గీతలు గీశాడు. చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకునే బేస్‌బాల్‌గా అది పాకింది. 1895లో మినియాపొలిస్‌లో లూయీ రోబర్ అనే అగ్నిమాపక అధికారి ఖాళీ వేళల్లో తన సిబ్బందికి వ్యాయామంగా దాన్ని బయటి స్థలంలోకి తెచ్చాడు. ఊరికో పేరు, పేటకో కొలత. ఇప్పుడున్న పేరు 1926లో డెన్వర్ వై.ఎం.సి.ఎ.కు చెందిన వాల్టర్ హేకన్సన్ సూచించింది. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో పెద్ద టోర్నమెంటు జరిగింది, అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది, ఆ తర్వాతే నిబంధనలు ఒక కొలిక్కి వచ్చాయి. వాటిలో దాదాపు అన్నీ ఎవరు అవుట్, ఎవరు సేఫ్ అన్నవే. ఆడేవాళ్ల ఒంటి గురించి పట్టించుకున్నది తక్కువ. షికాగోలో 16 అంగుళాల పెద్ద బంతిని గ్లవ్ లేకుండా పట్టే ఆట ఇప్పటికీ ఉంది. వేళ్లు వంకరపోయిన పాత ఆటగాళ్లు దాన్ని గొప్పగా చూపించుకుంటారట. పెద్దవాళ్ల సరదా వాళ్లిష్టం. పిల్లల బడిలోకి వచ్చేసరికి లెక్క మారింది.

మారడానికి రెండు కారణాలు. ఒకటి, 1972లో అమెరికా చేసిన టైటిల్ నైన్ చట్టం. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఆడపిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలనడంతో వేలాది హైస్కూళ్లలో సాఫ్ట్‌బాల్ జట్లు పుట్టుకొచ్చాయి. రెండోది బ్యాట్. కర్ర బ్యాట్ పోయి అల్యూమినియం వచ్చింది, తర్వాత కాంపోజిట్ వచ్చింది. అదే బలంతో కొట్టినా బంతి మునుపటికంటే వేగంగా దూసుకుపోవడం మొదలైంది. చివరికి 2004లో అసోసియేషన్ కొత్త ప్రమాణం పెట్టి, పరీక్షలో బ్యాట్ నుంచి బంతి గంటకు 98 మైళ్లు, అంటే సుమారు 158 కిలోమీటర్ల వేగం దాటకూడదంది. ఆ ముద్ర ఉన్న బ్యాట్లనే హైస్కూల్ ఆటలోకి రానిచ్చారు. ఆ బంతికి ఎదురుగా పదమూడు మీటర్ల లోపు దూరంలో నిలబడేది పదిహేనేళ్ల పిచ్చర్ అని గుర్తుంచుకుంటే ఆ కట్టడి ఎందుకో తెలుస్తుంది.

అమెరికాలో హైస్కూల్ ఆటల నిబంధనలు రాసే జాతీయ సమాఖ్య 1920 నుంచి ఉంది. దాని సాఫ్ట్‌బాల్ పుస్తకంలో చాలా భద్రతా నియమాల వెనక ఒక దెబ్బ ఉంటుంది. బ్యాటింగ్ హెల్మెట్ చాలదు, ముఖానికి జాలీ కూడా ఉండాలన్నది 2006 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. పళ్లు, ముక్కు, కంటి గాయాల ఫలితం అది. పిచ్చర్ నిలబడే చోటును 40 అడుగుల నుంచి 43 అడుగులకు జరపడం 2010-11 సీజన్‌లో జరిగింది. పరుగెత్తేవాళ్లు తాకాల్సిన బేస్‌ల కథ ఇంకా ఆసక్తికరం. బేస్ వైపు జారుతూ వచ్చే కాలు నేలకు బిగించిన దిమ్మెకు తగిలితే చీలమండ విరగొచ్చు. డేవిడ్ జాండా అనే ఎముకల వైద్యుడు, సహచరులు మిషిగన్‌లో మామూలు బేస్‌లతోనూ, గట్టిగా తగిలితే ఊడివచ్చే బేస్‌లతోనూ ఇంచుమించు సమాన సంఖ్యలో ఆటలు ఆడించి చూశారు. మామూలు వాటితో 45 గాయాలు, ఊడివచ్చే వాటితో 2. ఆ పరిశోధన 1988లో అచ్చయింది. ఒక్క రబ్బరు దిమ్మె మార్చినందుకు అంత తేడా! మొదటి బేస్ దగ్గర జంట దిమ్మె పెట్టడం కూడా ఇలాంటిదే. తెల్ల సగం ఫీల్డర్‌ది, నారింజ సగం పరుగెత్తే పిల్లది. ఇద్దరూ ఒకే చోట కాలు పెట్టి ఢీకొట్టుకోరు. బంతి రంగు కూడా తెలుపు పోయి పసుపైంది, కంటికి త్వరగా ఆనాలని. ఆర్మూరు వాళ్లకు చెప్పాలంటే, ఇప్పుడే పాలిష్ పట్టిన పసుపు కొమ్ము రంగు కాదు, దానికంటే పచ్చిగా కొట్టొచ్చే పసుపు.

కోచ్ మీద నేరుగా భారం పెట్టిన నియమం నాకు అన్నిటికంటే పెద్దదనిపిస్తుంది. అమెరికా హైస్కూల్ మ్యాచ్ మొదలయ్యే ముందు అంపైర్ ఎదుట హెడ్ కోచ్ మా పిల్లలందరికీ సరైన రక్షణ సామగ్రి ఉందని చెప్పాలి. ఆ మాటకు బాధ్యత అతనిదే. పక్కన పిచ్చర్‌కు వార్మప్ ఇచ్చే పిల్ల ఆటలో లేకపోయినా ముఖానికి మాస్కు ఉండాలి. మనం సాధారణంగా మరిచిపోయేది సరిగ్గా అదే. మ్యాచ్‌లో బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్‌కు మాస్కు పెడతాం, ప్రాక్టీసులో వట్టి ముఖంతో కూర్చోబెడతాం. బంతికి ఆ తేడా తెలియదు.

తల దెబ్బల సంగతి ఇంకా ఆలస్యంగా వచ్చింది. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ల పిల్లవాడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలినా కాసేపటికి మళ్లీ ఆటలోకి దిగాడు. మెదడులో రక్తస్రావమై బతుకంతా మారిపోయింది. 2009లో ఆ రాష్ట్రం అతని పేరున చట్టం చేసింది. అనుమానం వస్తే చాలు, పిల్లను బయటికి తీయాలి. వైద్యపరంగా అర్హత ఉన్నవాళ్లు రాసిస్తేనే తిరిగి దించాలి. 2014 నాటికి మొత్తం 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల పిల్లలు బడి జట్టులో చేరేటప్పుడు తల్లిదండ్రులు సంతకం పెట్టే కాగితాల్లో ఈ తల దెబ్బ కాగితం కూడా ఉంటుంది.

ఇక మన వైపు. వ్యాయామ విద్య మన దగ్గరికి అమెరికన్ల చేతి మీదుగా కూడా వచ్చింది. హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల స్థాపించాడు. ఈల, క్రమశిక్షణ, వరుసలో నిలబడటం, ఇవే మన బళ్లలో తొలి డ్రిల్లు మాస్టార్ల సొత్తు. ఆడపిల్లలకు టెన్నికాయిట్ రింగు, త్రోబాల్, బాల్ బ్యాడ్మింటన్ ఉండేవి. 1954లో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ వచ్చింది. పాటియాలాలో కోచ్‌లను తయారుచేసే జాతీయ సంస్థ 1961లో మొదలైంది. అదే ఏడాది దశరథ్‌మల్ మెహతా చొరవతో జోధ్‌పూర్ కేంద్రంగా సాఫ్ట్‌బాల్ సంఘం ఏర్పడింది. ఆటతో పాటు రూల్‌బుక్ వచ్చింది. దాని వెనక పెరిగిన దెబ్బల చరిత్ర మాత్రం మనదాకా రాలేదు. రూల్‌బుక్‌లో హెల్మెట్ అని ఒక్క ముక్క ఉంటే మనం దాన్ని మ్యాచ్ నాటి అలంకారంగా చదువుకున్నాం.

అందుకే మన దగ్గర పిల్లల రక్షణ ఆట లోపలి నుంచి రాలేదు, బయటి చట్టాల నుంచి వచ్చింది. అక్కడ నియమాలు బంతి దెబ్బ నుంచి పుడితే ఇక్కడ మాస్టారి దెబ్బ నుంచి పుట్టాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే బళ్లలో దండనను నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. ప్రాక్టీసుకు ఆలస్యమైతే ఎండలో పది రౌండ్లు, క్యాచ్ వదిలేస్తే గుంజీలు, ఇవన్నీ మన మైదానాల్లో మామూలే కదా. తరగతి గదిలో బెత్తం పోయాక కూడా గ్రౌండ్‌లో దాని అన్నదమ్ములు బతికే ఉన్నాయి. శిక్షణకూ శిక్షకూ మధ్య గీత పీఈటీ సారుకే తెలియాలి. రౌండ్ల లెక్క ముందే రాసుకున్న ప్లాన్‌లో ఉంటే శిక్షణ, కోపం వచ్చాక పుడితే శిక్ష.

2012 పోక్సో చట్టం ఇంకో మెట్టు. పిల్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది, చెప్పకపోవడమే నేరం. హెడ్‌మాస్టరుకు చెప్పాను, సంఘం చూసుకుంటుంది అంటే చాలదు. క్రీడా సంఘాల వరకు చూస్తే అమెరికా కూడా ఆలస్యం చేసింది. జిమ్నాస్టిక్స్ డాక్టర్ లారీ నాసర్ లైంగిక దాడుల ఉదంతం బయటపడ్డాక, 2018లో గానీ సేఫ్ స్పోర్ట్ చట్టం రాలేదు. మన దగ్గర 2023లో మహిళా రెజ్లర్లు లైంగిక వేధింపుల ఆరోపణలతో ఢిల్లీ వీధిన కూర్చున్నాక చర్చ రాజుకుంది. 2025 జాతీయ క్రీడా పాలన చట్టం సేఫ్ స్పోర్ట్స్ విధానం గురించి మాట్లాడుతోంది. అది జాతీయ సమాఖ్యల దగ్గర ఆగకుండా మండలం దాకా దిగాలంటే కింద అడిగేవాళ్లుండాలి.

రూల్‌బుక్‌కు తెలియని ప్రమాదాలు కూడా మన దగ్గరున్నాయి. నిజామాబాద్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం వింత కాదు. వేసవి శిబిరాలు పెట్టేది సరిగ్గా అప్పుడే. క్యాచర్ ఒంటి మీద ఛాతీ కవచం, కాళ్లకు గార్డులు, తలకు హెల్మెట్. ఆ పిల్లకు అందరికంటే ముందు వడదెబ్బ తగులుతుంది. పొద్దున ఏడున్నరకల్లా ముగించడం, ఇన్నింగ్స్ మధ్య కవచం విప్పించడం, మొదటి వారం తక్కువ ఆడించి ఒంటిని అలవాటు చేయడం, ఇవి ఏ కోర్సు చేయకపోయినా చేయగలిగినవి. జూన్‌లో ఉరిమితే పిల్లలు వేపచెట్టు కిందికి పరుగెడతారు. వెళ్లకూడని చోటు అదే. చివరి ఉరుము వినపడ్డాక అరగంట ఆగాలన్నది అమెరికా హైస్కూళ్ల నియమం. దానికి ఖర్చేమీ లేదు. మొరం నేల మీద జారితే మోకాళ్లు చెక్కుకుపోతాయి, జారడం నేర్పే ముందు ఇసుక పోయించాలి. చెవి కమ్మలు, గాజులు, కాళ్ల పట్టీలు తీయించాలి. ప్రమాదకరమైన నగ తీయించే అధికారం అంపైర్‌కు ఉంటుంది గానీ, ప్రాక్టీసులో అంపైర్ ఉండడు.

ప్రయాణం ఇంకొకటి. 2014 జూలైలో మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర గేటు లేని లెవల్ క్రాసింగ్‌లో బడి బస్సును రైలు ఢీకొట్టింది. మన పిల్లలు పోటీలకు హైదరాబాద్ వెళ్లే రైలు దారి అదే. ఆడపిల్లల జట్టుతో మహిళా టీచర్ వెళ్లాలన్న పట్టింపు బాగానే నిలబడింది, బండి ఎలాంటిది, ఎందరిని ఎక్కించారు అన్న పట్టింపు అంతగా నిలబడలేదు.

పరికరాల దగ్గర గొడవంతా డబ్బే అంటారు. నిజమే, కానీ పూర్తి నిజం కాదు. జట్టులో ఒక్కొక్కరికీ హెల్మెట్ అక్కర్లేదు. బ్యాటింగ్ చేసే పిల్లకు, బేస్‌ల మీద ఉన్నవాళ్లకు, తర్వాత బ్యాటింగ్‌కు సిద్ధమయ్యే పిల్లకు సరిపోతే చాలు. అంటే కాస్త అటూ ఇటూగా అయిదారు. వాటిని వరుసగా వాడుకోవచ్చు. పగిలినదాన్ని టేపు అంటించి పెట్టుకోవడం, గడ్డం కింద పట్టీ తెగినా ఊరుకోవడం మాత్రం డబ్బు సమస్య కాదు.

జిల్లా సెలక్షన్లకు వెళ్లే జట్టు కాగితాల్లో పిల్ల పుట్టిన తేదీ, అడ్మిషన్ నంబరు, తరగతి, హెడ్‌మాస్టర్ సంతకం, స్కూల్ ముద్ర ఉంటాయి. వయసు దొంగతనాలు పట్టుకోవడానికి ఆ గడులు పనికొస్తాయి. అదే కాగితం మీద ఇంకో రెండు గడులు పెట్టొచ్చు: హెల్మెట్లు, క్యాచర్ మాస్కు చూశాను అని కోచ్ సంతకం ఒకటి; దగ్గర్లో వైద్యం దొరికే చోటు, తీసుకెళ్లే బండి వివరం ఇంకొకటి. దీనికి కొత్త చట్టమూ అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. వచ్చే సీజన్ ఫారాలు అచ్చుకు పోకముందే జిల్లా స్థాయిలో నిర్ణయించొచ్చు.