అసలుకు రెండింతలు కడితే అప్పు తీరినట్టే

1938 మార్చి 22న మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది నాలుగో చట్టమది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పు మీద రైతు, అసలు కింద అయినా వడ్డీ కింద అయినా, అసలుకు రెండింతలు కట్టి ఉంటే ఆ అప్పు పూర్తిగా తీరినట్టే అంది ఆ చట్టం. అలాంటి అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని మొత్తం కొట్టేసింది. 1932 అక్టోబరు 1 నుంచి చేసిన అప్పులకు నూటికి ఏడాదికి 5 రూపాయల బారువడ్డీ లెక్కగట్టింది. ప్రోనోటు రాసిచ్చినవాడు దేవుడికిచ్చిన మాట తప్పినవాడిలా తలవంచుకోవాల్సిన రోజుల్లో, నువ్వు కట్టిందే ఎక్కువ అని ప్రభుత్వం రైతుతో చెప్పడం చిన్న సంగతి కాదు.

ఈ ఆలోచనకు మూలం పాతదే. వడ్డీ అసలును మించకూడదన్నది ధర్మశాస్త్రాల నియమం, మనుస్మృతిలో ఉంది. బొంబాయి కోర్టులు దాన్ని ‘దామ్‌దుపట్’ పేరుతో పాటించేవి. మద్రాసు కోర్టులు మాత్రం ఒప్పుకోలేదు. దానికితోడు 1855లో కంపెనీ ప్రభుత్వం వడ్డీల మీద పాత పరిమితులన్నీ ఎత్తేసింది. నోటులో ఎంత రాసుకుంటే అంత. 1875లో దక్కను రైతులు షావుకార్ల ఇళ్ళ మీద పడి పత్రాలు తగలబెట్టాక, 1879లో అక్కడి నాలుగు జిల్లాలకు ఒక ఉపశమన చట్టం వచ్చింది. మన వైపు రావడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. రప్పించింది ఆర్థిక మాంద్యం.

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల మార్కెట్టు కూలిందని చెప్పి ఊరుకుంటే మన పల్లెల కథ అర్థం కాదు. పంటల ధరలు అంతకుముందు నుంచే సడలుతున్నాయి. ఆ పైన కొనేవాళ్ళు పోయారు, బ్యాంకులు చేతులు ముడుచుకున్నాయి. 1930, 1931 సంవత్సరాల్లో ధాన్యం, వేరుశనగ, పత్తి ధరలు పడుతూనే పోయాయి. పంటల ధరలు ఇంచుమించు సగానికి దిగాయి. బర్మా బియ్యానికి వేరే చోట్ల గిరాకీ తగ్గి, అది చవగ్గా మద్రాసు రేవులకు వచ్చిపడింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలవ నీటితో నిండుగా పండించిన రైతుకు పంట ఉంది, ధర లేదు. కరువులో గింజ ఉండదు; ఇక్కడ గాదె నిండా ధాన్యం పెట్టుకుని శిస్తుకు డబ్బు లేక నిలబడ్డాడు.

శిస్తు నగదులో కట్టాలి. అప్పు నగదులో తీర్చాలి. ఈ రెండు అంకెలూ తగ్గవు. 1928లో వంద రూపాయల బాకీకి ఎన్ని బస్తాలు తోలేవాడో, నాలుగేళ్ళకు దానికి రెట్టింపు తోలాలి. రైతు కొత్తగా ఒక్క రూపాయి వాడుకోకుండానే అతని అప్పు రెండింతలైంది. 1930లో బ్యాంకింగు విచారణ సంఘం రాష్ట్రంలో గ్రామీణ రుణం 150 కోట్లని అంచనా వేస్తే, 1935లో సత్యనాథన్ నివేదిక దాదాపు 200 కోట్లని చెప్పింది. నా దృష్టిలో ఆ అంకె కంటే ఆ రూపాయి విలువ మారడమే అసలు నేరం.

ఇంత జరుగుతున్నా సర్కారు తొలి స్పందన మొండితనమే. సరిగ్గా ధరలు పడుతున్న వేళ కృష్ణా, గోదావరి జిల్లాల్లో శిస్తును రూపాయికి 3 అణాల చొప్పున పెంచే రీసెటిల్‌మెంటు తెచ్చారు. రూపాయి మారకాన్ని 1 షిల్లింగు 6 పెన్సుల దగ్గరే పట్టుకుని కూర్చున్నారు. అది మన ఎగుమతుల ధరను మరింత కిందికి నొక్కింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలాక బంగారం రేటు పెరిగింది. పల్లెల్లో ఆడవాళ్ళ మెడల్లోని బంగారం కరిగి ఓడలెక్కింది. కొందరు దాన్ని లాభంగా చూశారు. శిస్తు కట్టడానికి నాంతాడు అమ్ముకున్న ఇంట్లో ఆ మాట అనగలరా?

ఇంకో దారీ మూసుకుపోయింది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి ఓడెక్కి రంగం, అంటే రంగూను, వెళ్ళి సంపాదించి పంపేవారు. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తీరి బర్మా కూలీలను తీసేయగానే నెత్తురు ప్రవహించింది. వందకు పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఎందరో వెనక్కి వచ్చేశారు. ఇంటికి డబ్బు పంపిన చేతులే ఇంటికి బరువయ్యాయి.

ప్రభుత్వం కదిలినప్పుడు కూడా మెల్లగానే కదిలింది. 1935లో విదేశీ నూకల మీద మణుగుకు 12 అణాల సుంకం వేశారు. 1936లో రుణ రాజీ బోర్డుల చట్టం చేశారు. అప్పిచ్చినవాళ్ళు ఒప్పుకుంటే తప్ప ఆ బోర్డుల వల్ల పని జరగదు. ఈలోగా రైతు నాయకుడు ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి కార్యకర్తలను తయారు చేశారు. 1937లో ఇచ్ఛాపురం నుంచి బయల్దేరిన రైతు రక్షణ యాత్ర 1938లో మద్రాసు చేరింది. అప్పటికి రాజాజీ మద్రాసు రాష్ట్ర ప్రధాని, ప్రకాశం రెవెన్యూ మంత్రి. నాలుగో చట్టం ఆ ఒత్తిడిలో పుట్టింది.

దీన్ని కోర్టులో సవాలు చేశారు. ప్రోనోట్లు కేంద్రానికి చెందిన విషయం, రాష్ట్రానికి అధికారం ఎక్కడిదన్నది వాదన. ఆ వ్యాజ్యం ఫెడరల్ కోర్టు దాకా వెళ్ళింది. చట్టం పైపైన దేన్ని తాకుతుందన్నది కాదు, దాని అసలు సారం ఏమిటో చూడాలని ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వయర్ తేల్చారు. చట్టం నిలిచింది. ఆ సూత్రం ఈనాటికీ మన రాజ్యాంగ వ్యాజ్యాల్లో పనిచేస్తోంది.

చట్టంలో మనసున్న చోట్లూ ఉన్నాయి: వేరే ఆస్తి లేని స్త్రీకి రావలసిన చిన్న బాకీని రద్దు నుంచి మినహాయించారు. మనసు లేని చోటూ ఉంది. అమ్ముకునే హక్కున్న భూమి గానీ, జమీందారీ రైతు హక్కు గానీ ఉన్నవాడే ‘వ్యవసాయదారుడు’. రైత్వారీ ఊళ్ళలో నోటిమాట మీద కౌలు చేసేవాడూ, పాలేరూ, కూలీ ఆ నిర్వచనంలో లేరు. గ్రామీణ రుణాల మీద 1946లో వచ్చిన నారాయణస్వామి నాయుడు నివేదిక చూపించింది ఇదే. యుద్ధకాలపు ధరలతో, ఈ చట్టంతో భూస్వాముల అప్పు తగ్గింది, కూలీల అప్పు తగ్గలేదు. డెల్టాలో అప్పులిచ్చేవాళ్ళలో ఆసాములే చాలామంది ఉండేవారు కాబట్టి, ఊరిలో ఒక రైతు నష్టపోయి ఇంకో రైతు గట్టెక్కిన సందర్భాలూ తక్కువేం కావు.

1977లో ఆంధ్రప్రదేశ్ మరో రుణ ఉపశమన చట్టం చేసింది. 1990, 2008, 2014 నాటి మాఫీల దారి వేరు: వాటిలో ఖజానా బ్యాంకుకు డబ్బు చెల్లించింది. 1938 చట్టం ఎవరికీ పైసా ఇవ్వలేదు, బాకీనే కోసేసింది. 1938లో బయట ఉండిపోయిన కౌలుదారుకు కాగితం ఇవ్వాలన్న ప్రయత్నం 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టంతో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. సాగుదారు కార్డు చేతికి రావాలంటే భూ యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలని ఆ చట్టం షరతు పెట్టింది.